అధీకృత రంధ్రం

నమోదు 211

ఈ పూట అంకె రెండు పాయింట్ నాలుగు. ఆకుపచ్చ జెండా ఎగరేశారు. వంకాయ కూరలో బూడిద పడింది.

ఈ మూడింటిలో నేను పూచీ పడగలిగేది వంకాయ కూరకి మాత్రమే.

చేత్తో రాస్తున్నాను. ఆఫీసు యంత్రంలో రాస్తే, పంపేముందు అది మాటలు "మెరుగుపరుస్తుంది". పోయిన నెల "స్టోరు గది పైకప్పు కూలింది" అని రాస్తే, అవతలికి "స్టోరు గదిలో వెలుతురు పెరిగింది" అని వెళ్ళింది. ఈ వయసులో నా వాక్యాలు ఇంకొకరు దిద్దడం నాకు నచ్చదు. చిన్న వయసులోనూ నచ్చేది కాదు. మా ఆయన ఉంటే చెప్పేవారు.

పొద్దున్నే అన్నం గిన్నె ఒక చేత్తో, రాగి గొట్టం ఇంకో చేత్తో పట్టుకుని కొండ నడుముకి ఎక్కుతాను. అక్కడ ఆవిరి కంతలున్నాయి. చిన్న కంత మీద గిన్నె పెడతాను, పెద్ద కంత మీద గరాటు బోర్లిస్తాను. అన్నం ఉడికేలోగా ఆవిరిని చల్లార్చి, మిగిలిన వాయువుని రాగి గొట్టంలోకి వదిలి, రెండు చివర్లా బిగింపులు పెట్టి స్పానరుతో నలిపేస్తాను. గొట్టం రాగిదే కావాలి. ఆ మధ్య ఆఫీసువాళ్ళు పరిపాలకుడి బొమ్మ అచ్చువేసిన గాజు సీసాలు పంపారు. హీలియం గాజు గోడలోంచి దూరిపోతుంది, లోపల సరుకు పోయి బయట బొమ్మ మిగులుతుంది అని తిప్పి పంపాను. నాకు తలబిరుసని ఫైల్లో రాసుకున్నారట.

తర్వాత గొట్టాన్ని కిందికి తెచ్చి మాస్ స్పెక్ట్రోమీటరుకి తగిలిస్తాను. అది అంకె చెబుతుంది. కొండ కడుపులో హీలియం రెండు రకాలు. బరువు మూడు ఉన్నది భూమి పుట్టినప్పుడే లోతున చిక్కుకుపోయినది. బరువు నాలుగు ఉన్నది రాళ్ళలో యురేనియం, థోరియం అరుగుతుంటే పుడుతూ ఉండేది. ఈ రెండింటికీ గాలిలో ఉన్న నిష్పత్తిని ఒకటి అనుకుంటే, లోతునుంచి కొత్త శిలాద్రవం ఎక్కివస్తున్న కొండలో అది ఏడూ ఎనిమిదీ పలుకుతుంది. పైకి ఏదీ రాకపోతే దిగిపోతుంది. మూడు దాటకపోతే ఆకుపచ్చ జెండా. ఆరు దాటితే ఎర్ర జెండా, అందరూ ఓడ ఎక్కాలి.

నేనిచ్చిన అంకెని ఆఫీసు ముద్ర వేసి పంపిస్తే, మా మనవరాలు హైమ మైకులో చదువుతుంది. ఈ అగ్నిపర్వతపు దీవి నవసీమలో ఉన్న అరవై ఎనిమిది మందీ కాఫీ గ్లాసులు పట్టుకుని వింటారు. సముద్రం దివిసీమని మింగేశాక ఇక్కడ వంకాయలు పండించమని పంపిన కుటుంబాలు ఇవి. అంకె రెండుంటే బట్టలు కొంటారు. మూడుంటే పెళ్ళిచూపులు వాయిదా వేస్తారు. నేను ముప్ఫై ఏళ్ళు భూరసాయన శాస్త్రం చెప్పింది రాశిఫలాలు పంపడానికని నాకు ముందు తెలీదు.

ఓడ అంటే నీటి ఓడ కాదు, హీలియం నింపిన గాలి ఓడ. మాకున్నది అదొక్కటే. కెప్టెన్ కొల్లాబత్తుల ఎస్తేరు. శుక్రవారం ఆ ఓడ పరిపాలకుడు ప్రభంజనరావు గారినీ పదకొండు మంది ప్రతినిధుల్నీ ఎక్కించుకుని ఒడ్డుకి వెళుతోంది. ఆయనకి "శాంత పర్వత పురస్కారం" ఇస్తున్నారు. ఆయన వచ్చేనాటికి నాలుగున్నర ఉన్న అంకె ఇప్పుడు రెండు పాయింట్ నాలుగు మరి. పురస్కారం ముద్ర ఓడ పొట్ట మీద రంగులతో వేయిస్తారట. నెల పడుతుంది. ఆ నెలా మాకు ఓడ ఉండదు.

అంకె ఆకుపచ్చగా ఉంది కదా, ఓడెందుకు అన్నారు.

నమోదు 212

నాకు నియాన్ నచ్చలేదు.

గరాటులోకి బయటి గాలి జొరబడితే అంకె దిగుతుంది. కానీ గాలి ఎక్కడికి వెళ్ళినా తనలో ఉండే నియాన్‌ని వెంటబెట్టుకునే వెళుతుంది, కొత్త అల్లుడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చినట్టు. నియాన్ పెరగలేదు. హీలియం మాత్రం మొత్తం మీద మూడింతలైంది. శాంతించిన కొండ హీలియం తక్కువ కదా ఇవ్వాలి, మూడింతలు ఎందుకిస్తుంది?

ఆఫీసుకి వెళ్ళాను. ప్రభంజనరావు గారు అద్దం ముందు ఉపన్యాసం చూసుకుంటున్నారు.

"అమ్మా, రండి రండి. కండువా ఏది బాగుంది, ఇదా, ఇదా?"

"రెండూ బాగున్నాయి. హీలియం బాగాలేదు."

"అంకె తగ్గిందా లేదా?"

"తగ్గింది."

"మరి?"

"తగ్గడానికి కారణం కొండ కాదేమోనని అనుమానం."

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "కారణం నేనని నేను చెప్పుకోనమ్మా. జనం అంటున్నారు."

"ఏ జనం?"

"ఆఫీసు జనం."

మూడింతల సంగతీ, నియాన్ సంగతీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఒకసారి నియాన్ అంటే దుకాణాల ముందు వెలిగేది కదా అని అడిగారు. ఆఖరికి, "కమిటీ వేద్దాం, నేను తిరిగొచ్చాక" అన్నారు.

"ఎప్పుడొస్తారు?"

"ఓడకి రంగు ఆరాక."

"ఈలోగా కొండ పేలితే?"

"ఎలా పేలుతుందమ్మా, అంకె రెండున్నర కూడా లేదు కదా."

నేను అనుమానిస్తున్నది ఆ అంకెనే అని మళ్ళీ చెప్పాను. అనుమానం ఉన్నా అంకె ఆకుపచ్చ కనుక అనుమానానికి తావులేదన్నారు. ఆ వాక్యానికి ఎటునుంచి నిచ్చెన వేసి ఎక్కాలో నాకు తెలియలేదు. ఇంటికొచ్చి అప్పడాలు ఎండేశాను. కొండ వైపు రాళ్ళ మీద అవి ఎప్పుడూ సాయంత్రానికి ఎండేవి. ఇవాళ మధ్యాహ్నానికే ఎండిపోయాయి.

నమోదు 213

ఇవాళ కొండకి శాంతిపూజ, పరిపాలకుడికి సన్మానం. రెండింటికీ ఒకే షామియానా. పెద్ద కంత పక్కన, ఓడ కట్టే స్తంభానికి ఎదురుగా.

ఆ స్తంభం ఇదివరకు రేవు దగ్గర ఉండేది. ఓడ వెనకాల ఆవిరి లేస్తుంటే ఫొటో బాగా వస్తుందని ఆయన దాన్ని ఒక్కరోజులో ఇక్కడికి మార్పించారు. స్తంభం వెంట హీలియం సిలిండర్ల కొట్టు కూడా వచ్చింది. బూడిద నేల కదా, తవ్వడం తేలికని కొట్టుని కంత పక్కనే నేలలోకి దించారు. అక్కడినుంచి ఓడకి గొట్టం కూడా నేలలోంచే వేశారు.

బూడిద రాలకుండా షామియానాకి మందపాటి టార్పాలిను కట్టి, నాలుగు పక్కలా కిందికి వేలాడదీశారు. వేదిక ఎత్తుగా కట్టారు. ప్రభంజనరావు గారు తల పైకప్పుకి తగిలేలా నిలబడి, ఎర్ర గుడ్డ లాగి నల్లరాతి ఫలకం ఆవిష్కరించారు. "శాంత పర్వతం, ప్రభంజనరావు గారి కృషి ఫలితం" అని చెక్కి ఉంది. తర్వాత మైకు అందుకున్నారు.

"ప్రియమైన నవసీమ ప్రజలారా" అన్నారు.

కోడిపిల్ల గొంతుతో.

ఆయనా ఆగారు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నారు. ఈసారి చిలకపిల్ల. ముందు వరసలో ఎవరో చేతులు జోడించారు. రెండో వరసలో ఎవరో "పూనిందర్రా" అన్నారు. అంతే, అందరూ లేచి నిలబడ్డారు. కొబ్బరికాయలు కొట్టారు. ఒకావిడ ముందుకొచ్చి మా అమ్మాయి పరీక్ష పాసవుతుందా తల్లీ అని అడిగింది. ప్రభంజనరావు గారు ఒక్క క్షణం ఆలోచించి, అదే గొంతుతో, "పాసవుతుంది, గ్రేసు మార్కులు కలుస్తాయి" అన్నారు. ఆయన దేన్నీ వదులుకునే మనిషి కాదు.

నేను మాత్రం టార్పాలిను వైపు చూస్తున్నాను. హీలియం గాలికన్నా తేలిక. నేలలోంచి వచ్చినది పైకెళ్ళి కప్పు కింద చేరుతుంది. కింద కూర్చున్నవాళ్ళ గొంతులు మామూలుగానే ఉన్నాయి, వేదిక మీద ఎత్తుగా నిలబడ్డవాడికి మాత్రమే పూనింది. సిలిండర్లలో హీలియం ఎక్కడిది? గ్యాసు బావుల నుంచి తీసినది, రాళ్ళలో పుట్టిన నాలుగో రకమే దాదాపు మొత్తం. దాని అంకె సున్నాకి దగ్గర. దాంతోబాటు నియాన్ రాదు. అది కారి, గుల్లబూడిదలోంచి పెద్ద కంతలోకి చేరి, నా గరాటులోకి వస్తోంది. నేను రోజూ పొద్దున్నే కొలుస్తున్నది కొండని కాదు. ఎక్కువపాలు ఓడని.

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వేదిక ఎక్కాను. మైకు లాక్కుని, నాకూ వచ్చిన కోడిపిల్ల గొంతుతో, "ఓడని పంపకండి. కింద గొట్టం కారుతోంది" అన్నాను.

జనం నా వైపు తిరిగి చేతులు జోడించారు. అమ్మవారు ఇటు మారిందనుకున్నారు.

ప్రభంజనరావు గారు మైకు తిరిగి తీసుకుని, "అమ్మవారు గొట్టాల గురించి మాట్లాడదు" అన్నారు. నా జన్మలో ఏ కమిటీ నన్ను అంత తొందరగా కొట్టిపారేయలేదు.

నమోదు 214

ఎస్తేరు కొట్టు మెట్ల మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. నన్ను చూసి పొట్లం ముందుకు జరిపింది.

"నిన్న మీరు భలే పలికారు మామ్మగారూ."

"ఎక్కడ కారుతోందే?"

"ఏం కారుతోంది?"

"ఎస్తేరూ, నేను మీ పరిపాలకుణ్ణి కాను."

ఒక ఇడ్లీ తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత చెప్పింది. స్తంభం ఒక్కరోజులో మార్చాలంటే గొట్టం అతుకుకి సరైన వాషరు లేదు. ఒడ్డునుంచి తెప్పిస్తానంటే ఫొటోగ్రాఫరు వెళ్ళిపోతాడన్నారు. స్టోర్లో నీళ్ళ గొట్టాలకి వేసే వాషరు ఉంటే అదే వేసింది. ఓడ పొట్ట తగ్గినప్పుడల్లా కొట్టులోంచి నింపుతోంది. గొట్టంలోకి గ్యాసు వదిలినప్పుడల్లా కొంత నేలలోకి పోతోంది. ఎండకి తగ్గిందని పైవాళ్ళకి చెబుతోంది.

"హీలియం ఇప్పుడు బంగారం మామ్మగారూ. వృథా చేసిన కెప్టెనుకి లైసెన్సు ఉండదు. మా నాన్న రేవులో పడవ అమ్మి నన్ను ఈ చదువు చదివించాడు. శుక్రవారం ఎలాగూ వెళుతున్నాం కదా, అక్కడ సరైన వాషరు కొని తెచ్చి ఎవరికీ తెలియకుండా వేసేస్తాను. ఒక్క నెల."

"ఆ ఒక్క నెలా నువ్వు గొట్టం కట్టేసి వెళతావు."

"కట్టేస్తాను."

"అప్పుడు కారదు. అప్పుడు నా గరాటులోకి కొండ ఒక్కటే వస్తుంది. అంకె నిజం చెబుతుంది."

"మంచిదేగా."

"ఓడ ఇక్కడున్నంత కాలం అంకె అబద్ధం. ఓడ వెళ్ళాక అంకె నిజం. నిజం ఏడని తేలిందనుకో, మేం దేంట్లో ఎక్కాలి? మా హైమకి ఏడో నెల. దాన్ని భుజాన వేసుకుని ఈదనా?"

ఎస్తేరు ఇడ్లీ పొట్లం మడిచింది. "ఏడని మీకు ఖాయంగా తెలుసా?"

"తెలీదు. తెలుసుకోనివ్వడం లేదు మీరంతా కలిసి."

"మీకేమండీ," అంది మెల్లగా, "మీకు పోవడానికి లైసెన్సు లేదు."

ఆ మాట నిజమే. నేను లేచి వచ్చేశాను. ఇడ్లీ మాత్రం బాగుంది. కొట్టులో వంట ఎవరు చేస్తారో అడగడం మర్చిపోయాను.

నమోదు 215

కొండకి ఒకటే నోరు కాదు. దీవికి అవతలి పక్క, పోటు తగ్గినప్పుడు సముద్రంలోనే వేడి బుడగలు లేచే చోటు ఒకటుంది. ఓడకీ దానికీ మధ్య కొండంతా అడ్డం. నీళ్ళ కింద ఉంది కనుక గాలీ కలవదు, కారిన గ్యాసూ కలవదు.

హైమని తీసుకుని వెళ్ళాను. దాన్ని ఒడ్డునే కూర్చోబెట్టి గరాటుతో నీళ్ళలోకి దిగాను. మెడ లోతు. కింద నీళ్ళు కాఫీ, పైన నీళ్ళు ఐసు.

"అమ్మమ్మా, అల వస్తోంది."

"నాకూ కనబడుతోంది."

"ఇంకొకరు ఎవరైనా దిగొచ్చుగా?"

"ఇంకొకరికి గరాటు నిటారుగా పట్టుకోవడం నేర్పేలోగా నువ్వు పురిటికి వస్తావు. గొట్టం అందుకో."

రాగి గొట్టంలోంచి నీళ్ళు పోనిచ్చి, బుడగలు నిండాక, రెండు బిగింపులూ నీళ్ళలో ఉండగానే నలిపేశాను. రెండో గొట్టం కూడా నింపాను. చీర పిండుకుంటూ ఇంటికొచ్చి ఒకదాన్ని యంత్రానికి తగిలించాను.

ఏడు పాయింట్ రెండు.

మళ్ళీ కొలిచాను. ఏడు పాయింట్ రెండే. ఏడు పాయింట్ రెండులో ఓడ హీలియం రెండు పాళ్ళు కలిపితే ఎంతవుతుందో లెక్క వేశాను. రెండు పాయింట్ నాలుగు. వారాల తరబడి మా మైకు చదువుతున్నది అదే.

ఆఫీసుకి తీసుకెళ్ళాను. ప్రభంజనరావు గారు పెట్టె సర్దుకుంటున్నారు.

"ఏ కంత నుంచి తీశారమ్మా?"

"సముద్రంలోది."

"అది అధీకృత రంధ్రం కాదు." నిబంధన తీసి చూపించారు. ఈ దీవికి అధీకృత రంధ్రం ఒకటే, పెద్ద కంత. "ఏ రంధ్రం పడితే ఆ రంధ్రంలో కొలిస్తే వ్యవస్థ ఏమైపోతుంది? రేపు ఇంకొకరు ఇంకో రంధ్రం తెస్తారు."

"శిలాద్రవం అధీకృత రంధ్రంలోంచే వస్తానని ఒప్పుకుందా?"

"మీ హాస్యం నాకు ఇష్టమమ్మా." పెట్టె మూసి దాని మీద కూర్చుని జిప్పు లాగారు. "ఒడ్డున మంత్రిగారికి మీ గురించి ప్రత్యేకంగా చెబుతాను."

సాయంత్రం హైమ మైకు దగ్గరికి వెళ్ళేముందు గుమ్మంలో నిలబడింది. "రెండు పాయింట్ నాలుగు అని ముద్ర వేసి పంపారు. అది చదవడం అబద్ధమా అమ్మమ్మా?"

"ఓడ గురించి అది నిజమే. కొండ గురించి కాదు."

"జనం కొండ గురించి అనుకుంటారుగా."

"అనుకుంటారు."

వెళ్ళి చదివింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇద్దరికి తినవలసిన పిల్ల.

నమోదు 216

శుక్రవారం. పొద్దున్నే సన్నాయి. ప్రతినిధులు పదకొండు మందీ దండలు వేసుకుని ఓడ ఎక్కి కూర్చున్నారు. నల్లరాతి ఫలకాన్ని కూడా ఎక్కించారు, ఒడ్డున ప్రదర్శనకి. తాడు విప్పడమే తరువాయి. నేను హైమ చెయ్యి పట్టుకుని జనంలో నిలబడ్డాను. చెప్పాల్సింది చెప్పేశాను, ఇంక నా దగ్గర ఏమీ లేదు.

ఎస్తేరు యూనిఫారంలో నడిచివచ్చింది. ఓడ ఎక్కలేదు. కొట్టులోకి దిగింది. కాసేపటికి స్పానరుతో పైకొచ్చి, తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళింది.

"ఓడ ఇవాళ ఎగరదండి" అంది. "గ్యాసు గొట్టం అతుకు కారుతోంది. కంత పక్కన నేలలోకి. స్తంభం మార్చిన రోజునుంచీ. అతుకు వేసింది నేను. ఎండకి పోయిందని చెప్పింది నేను. ఇప్పుడు మొత్తం కట్టేశాను. సాయంత్రానికి నేలలో ఉన్నది పోతుంది. అప్పుడు మామ్మగారు కొలుస్తారు. అంకె ఆకుపచ్చ అయితే రేపే మిమ్మల్ని ఒడ్డుకి దింపి, అక్కడే లైసెన్సు ఇచ్చేస్తాను."

ప్రభంజనరావు గారు ఓడ కిటికీలోంచి తల బయటపెట్టారు. "అమ్మాయ్, సాంకేతిక విషయాలు జనం ముందు మాట్లాడకూడదు."

"అందుకే ఇన్నాళ్ళూ మాట్లాడలేదండి."

"పురస్కారం రేపేనమ్మా."

"కొండ కూడా రేపే కావచ్చండి."

ప్రతినిధులు మధ్యాహ్నం దాకా దిగలేదు. దిగితే సీటు పోతుందేమోనని. దండలు వాడిపోయాయి, వాళ్ళూ వాడిపోయారు. నేను ఎస్తేరు దగ్గరికి వెళ్ళి, "ఇడ్లీ ఎవరు చేస్తారే?" అని అడిగాను. "నేనే మామ్మగారూ" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

సాయంత్రం అధీకృత రంధ్రం మీదే, అధీకృత గరాటుతోనే కొలిచాను. పరిపాలకుడు పక్కన నిలబడి చూశారు. ఆరు పాయింట్ ఒకటి. మళ్ళీ రెండు గొట్టాలు నింపుకుని వచ్చి ఒకదాన్ని కొలిస్తే ఆరు పాయింట్ ఆరు. ఇంకా ఎక్కుతోంది.

"ఇది పెరుగుతోందేమిటమ్మా?" అన్నారాయన.

"పెరగడం లేదు. బయటపడుతోంది."

కాగితం మీద ముద్ర వేయమంటే, ముద్ర పెట్టెలో సర్దేశానని అన్నారు. హైమ ముద్ర కోసం ఆగలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని వెళ్ళి చదివేసింది. ఆరు పాయింట్ ఆరు, ఎర్ర జెండా, రేపు పొద్దున్నే అందరూ ఓడ దగ్గరికి రావాలి అని. జెండా కోసం వెతికితే దొరకలేదు. ఫలకం మీద కప్పిన ఎర్ర గుడ్డ అదేనట. ఓడలోంచి తెచ్చి ఎగరేశాం. దాని మీద పసుపు కుంకుమ మరకలు.

నమోదు 217

ఆఫీసు యంత్రం ఇంటింటి తెరమీదికీ కబురు పంపింది. హైమ "దీవి ఖాళీ చేయాలి" అని కొడితే అది "దీవివాసులందరికీ విహారయాత్ర" అని మెరుగుపరిచింది. మైకు విన్నవాళ్ళు భయపడి వచ్చారు. తెర చదివినవాళ్ళు పులిహోరతో వచ్చారు. ఒకాయన క్రికెట్ కిట్టు, ఒకావిడ కుట్టుమిషను, ఇంకో ఇంటివాళ్ళు రుబ్బురోలు.

గుంపుని చూసి ఎస్తేరు ముఖం మారింది. కారిపోయిన గ్యాసు కారిపోయింది, కొట్టులో మిగిలింది నింపినా ఓడ పూర్తి బరువు లేపలేదు. వంకాయల బస్తాలు తూచే కాటా తెచ్చి స్తంభం దగ్గర పెట్టింది. మనుషుల్ని తూచి, సామాన్లు దింపించింది.

"బరువు గట్టిగా చదవకమ్మా" అంది కుట్టుమిషను ఆవిడ.

"చదవనండి, కానీ మిషను దింపండి."

"అది మా అత్తగారిది."

"మరీ మంచిది కదండీ" అంది ఎస్తేరు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి దింపేసింది.

పులిహోర డబ్బాలు దిగాయి, బ్యాట్లు దిగాయి, రుబ్బురోలు నలుగురు పట్టుకుంటే దిగింది. నా పుస్తకాల ట్రంకు దిగింది. చేతి సంచీలో నిన్న సాయంత్రం పెద్ద కంతలో నింపి కొలవకుండా ఉంచిన రాగి గొట్టం ఒకటి, సముద్రంలో నింపిన రెండోది, చీర ఒకటి మాత్రం ఉంచుకున్నాను. కొండ అప్పటికే కింద గుర్రుమంటోంది. రాళ్ళ మీద పెట్టిన గిన్నెలు వాటంతటవే జరుగుతున్నాయి. మోటార్లు వేశారు. ఓడ లేవలేదు.

"ఇంకా డెబ్భై కిలోలు" అంది ఎస్తేరు.

అందరూ చుట్టూ చూశారు. ప్రభంజనరావు గారు వెనక మూల శాలువా కప్పుకుని, ఏదో ఎత్తుగా ఉన్నదాని మీద కూర్చున్నారు. ఆయన తూకానికి దాని మీదినుంచి లేచినప్పుడు కూడా అదేమిటో ఎవరూ అడగలేదు. శాలువా అంచు పైకెత్తాను. నల్లరాయి.

"అది ప్రభుత్వ ఆస్తమ్మా" అన్నారు.

"రాయి ఎనభై కిలోలు. మీరు డెబ్భై రెండు. ఏది దిగినా ఓడ లేస్తుంది. ఎవరికీ అభ్యంతరం ఉన్నట్టు లేదు."

ఆయన ఓడలో ఉన్నవాళ్ళ ముఖాలు చూశారు. హైమ ముఖం చూశారు, పొట్ట చూశారు. తర్వాత లేచి, ఎవరి సాయం అడగకుండా, తనే రాతిని గుమ్మం దాకా దొర్లించి తోసేశారు. ఆ ఒక్క పనికి ఆయనకి పురస్కారం ఇవ్వచ్చు. ఓడ లేచింది.

సముద్రం మీద కొంతదూరం వెళ్ళాక వెనకనుంచి వేడి గాలి తోసింది. అధీకృత రంధ్రం కనబడలేదు. ఆ వైపు కొండే లేదు. ఎవరో దాచి తెచ్చిన పులిహోర ఒక డబ్బా మెల్లగా చేతులు మారింది. హైమ రెండుసార్లు పెట్టించుకుంది.

నమోదు 231

ఒడ్డు. శిబిరం. ఇక్కడ అన్నం కరెంటు మీద వండుతారు, రుచి లేదు.

విచారణ కమిటీ నివేదిక వచ్చింది. ప్రభంజనరావు గారికి పురస్కారం ఇచ్చారు, సకాలంలో అందర్నీ తరలించినందుకు. ఎస్తేరు లైసెన్సు ఆరు నెలలు ఆపారు. గ్యాసు వృథా చేసినందుకు కాదు, అనుమతి లేకుండా ఓడ ఎగరకుండా ఉంచినందుకు. నేను సాక్ష్యం చెప్పిన రెండు గంటలూ నివేదికలో ఒక వాక్యం అయింది: "విశ్రాంత శాస్త్రవేత్త హాజరై సహకరించారు."

ముఖ్యమైన తీర్మానం ఆఖరి పుటలో ఉంది. స్తంభం కంత పక్కకి వచ్చాక అంకె తగ్గింది. గొట్టం కట్టేసిన రోజే అంకె పెరిగింది, మర్నాడే కొండ పేలింది. కనుక కొండని శాంతంగా ఉంచుతున్నది ఓడ గ్యాసే అని కమిటీ అభిప్రాయపడింది. రాబోయే నవసీమ రెండో దీవిలో గొట్టాన్ని పక్కన కాకుండా తిన్నగా అధీకృత రంధ్రంలోకే వదలాలని సిఫారసు చేసింది. ప్రభంజనరావు గారు ఫోను చేసి, "అమ్మా, అంకె రెండు మించకుండా చూసుకుందాం" అన్నారు. నన్ను మళ్ళీ రమ్మన్నారు. ఓడ ఎస్తేరు నడిపితేనే వస్తానన్నాను. ఆలోచిస్తామన్నారు. కమిటీ వేస్తారు కాబోలు.

నా దగ్గరున్న రాగి గొట్టాల్లో ఒకటి, పేలడానికి ముందు సాయంత్రం అధీకృత రంధ్రంలో నింపినది, మ్యూజియానికి కావాలన్నారు. ఇచ్చాను. నిన్న హైమా నేనూ చూడ్డానికి వెళ్ళాం. రాగి గొట్టం చూపుకి బాగాలేదని, అందులోని వాయువుని గాజు సీసాలోకి మార్చి దీపాల కింద పెట్టారు. సీసా మీద ప్రభంజనరావు గారి బొమ్మ ఉంది.

"అందులో ఇంకా ఉంటుందా అమ్మమ్మా?" అంది హైమ.

"బొమ్మ ఉంటుంది."

రెండో గొట్టం, సముద్రంలోది, నా సంచీలో చీర మడతల మధ్య ఉంది. రెండు చివర్లూ గట్టిగా ఉన్నాయి. స్పానరు ఎస్తేరుకిచ్చాను. సరైన వాషర్లు కొనడానికి బజారుకి వెళ్ళింది, దారిలో ఇడ్లీ రవ్వ కూడా తెమ్మన్నాను.